తిరుపతి మిద్దె మీద 130 మి.మీ. టేబుల్‌టాప్ డాబ్సోనియన్: గ్రహాలు చూడ్డానికి ఎంతవరకు పనికొస్తుంది?

గురుడి పట్టీలు, శని వలయం, చందమామ గుంతలు ఇంటి మిద్దె మీంచి చూడాలనుకుని మొదటిసారి టెలిస్కోపు కొంటున్నారా? తిరుపతి, చిత్తూరు వైపు ఉండేవాళ్లకు కళ్లు మూసుకుని చెప్పదగ్గది 130 మి.మీ. అద్దం ఉన్న, బల్ల మీద పెట్టి చేత్తో తిప్పుకునే టేబుల్‌టాప్ డాబ్సోనియన్. దాదాపు ఇదే నమూనాను రెండు మూడు కంపెనీలు వేరువేరు పేర్లతో అమ్ముతున్నాయి కాబట్టి ఇక్కడ కంపెనీ పేరు పెట్టడం లేదు. కొనేటప్పుడు మూడు విషయాలు అడిగి తేల్చుకోండి. అద్దం వెడల్పు 130 మి.మీ. ఉండాలి, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి చిత్రం ఏర్పడే చోటికి దూరం) 650 మి.మీ. ఉండాలి, అద్దం పారాబోలిక్ (గోళపు వంపు కన్నా నడుమ కాస్త లోతెక్కువ) అయి ఉండాలి. మూడోది ముఖ్యం. ఎఫ్/5 (650ని 130తో భాగిస్తే వచ్చే అంకె) అద్దాన్ని గోళాకారంగా అరగదీసి అమ్మితే ఎంత తిప్పినా గ్రహం అంచు తేటపడదు.

పెట్టెలో గొట్టం, చెక్క పీట, 25 మి.మీ., 10 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు) రెండు, గురి చూసుకోవడానికి ఎర్రచుక్క ఫైండరు వస్తాయి. 650ని ఐపీసు అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా కనపడుతుందో తెలుస్తుంది: 25తో 26 రెట్లు, 10తో 65 రెట్లు. మొత్తం బరువు ఒక చంటిబిడ్డంత. ఒక చేత్తో ఎత్తుకుని మిద్దె మెట్లెక్కేయొచ్చు. వినడానికి చిన్న మాటే, కానీ బరువున్న టెలిస్కోపులు కొన్న చాలా ఇళ్లలో అవి బీరువా పక్కన నిలబడిపోవడానికి కారణం మెట్లే.

ఇదే ధరకు దొరికే వేరే రకాలు ఎందుకు వద్దో కూడా చెప్పాలి. అట్టపెట్టె మీద '525 రెట్లు' అని అచ్చేసిన 60, 70 మి.మీ. బొమ్మ టెలిస్కోపుల జోలికి పోకండి. అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపు దాటి పెద్దది చేస్తే మసక తప్ప వివరం పెరగదు. 60 మి.మీ.కి 120 రెట్లే హద్దు. 130 మి.మీ.కి లెక్క ప్రకారం 260, మన గాలిలో మామూలు రాత్రుల్లో 130 నుంచి 160.

రెండోది, ఈక్వటోరియల్ మౌంటు (భూమి తిరుగుడుకు తగ్గట్టు వాలు ఇరుసు మీద తిరిగే పీట) మీద వచ్చే 130 మి.మీ. టెలిస్కోపు. చూడ్డానికి హుందాగా ఉంటుంది, బరువు రాళ్లు, గేర్లు అన్నీ ఉంటాయి. అయితే ఆ మౌంటు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు వంచాలి. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు, చిత్తూరుది 13.2. అంటే ఇక్కడ ధ్రువ నక్షత్రం నేలకు ఆ మాత్రం ఎత్తులోనే ఉంటుంది, తిరుపతి ఊళ్లోంచి చూస్తే శేషాచలం కొండ అంచుకు కాస్త పైన. చవక మౌంట్లలో కొన్ని ఇంత కిందికి వంగవు, లేదా వంగితే బరువు రాయి కడ్డీ వెళ్లి ముక్కాలి పీట కాలికి తగులుతుంది. ఐరోపా అక్షాంశాలకు చేసిన సరుకు అది. డాబ్సోనియన్‌కు ఈ గొడవ లేదు: పక్కకు తిప్పడం, పైకెత్తడం, అంతే.

పార్శిల్ రాగానే చేయాల్సిన పని కొలిమేషన్, అంటే రెండు అద్దాలనూ ఒక వరుసలోకి తేవడం. 'టెలిస్కోపు బాగోలేదు, శని గుడ్డు ఆకారంలో కనపడుతోంది' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం లారీ కుదుపులకు వరుస తప్పిన అద్దాలే. దీనికి కొనాల్సిందేమీ లేదు. ఫోకసర్ (ఐపీసు పెట్టి, తిప్పి తేటపరుచుకునే భాగం) మీద ఉండే ప్లాస్టిక్ మూత నడిమధ్యన 2 మి.మీ. బెజ్జం వేయండి. పగటిపూట, గొట్టాన్ని తెల్లగోడ వైపు తిప్పి, మూత బిగించి బెజ్జంలోంచి చూడండి. మొదట కనపడేది ఏటవాలుగా ఉన్న చిన్న అద్దం. దానిలో పెద్ద అద్దం ప్రతిబింబం, దాని అంచున పట్టుకుని ఉన్న మూడు క్లిప్పులూ కనపడాలి. ఒక క్లిప్పు మాయమైతే చిన్న అద్దం వెనకున్న మూడు మరల్లో ఒకటి కాస్త వదులు చేసి, ఎదుటిది కాస్త బిగించండి. ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. మూడు క్లిప్పులూ సమానంగా కనపడ్డాక పెద్ద అద్దం దగ్గరికి రండి. దాని నడుమ ఒక చిన్న వలయం గుర్తు అతికించి ఉంటుంది. మీ బెజ్జం ప్రతిబింబం నల్లచుక్కలా కనపడుతుంది. గొట్టం అడుగున ఉన్న మరలు తిప్పుతూ ఆ చుక్కను వలయం మధ్యలో కూర్చోబెట్టాలి. మొదటిసారి అరగంట పడుతుంది, అలవాటయ్యాక మూడు నిమిషాలు. ఈ పని చేసేటప్పుడు గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. నిలువుగా ఉంచితే చేతిలోంచి జారిన మర నేరుగా అద్దం మీద పడుతుంది.

రాత్రి సరిచూసుకోవడానికి ఒక ప్రకాశవంతమైన చుక్కను 65 రెట్లలో నడుమకు తెచ్చి, ఫోకస్ కాస్త తప్పించండి. చుక్క ఉబ్బి, నడుమ బెజ్జం ఉన్న గారెలా కనపడుతుంది. ఆ బెజ్జం సరిగ్గా నడుమ ఉంటే అద్దాలు వరుసలో ఉన్నట్టు. పక్కకు జరిగితే అడుగు మరలతో సర్దాలి. ధ్రువ నక్షత్రం కదలదు కాబట్టి దానితో సరిచూడమని పరదేశీ పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ అది మరీ కింద ఉండి గాలిలో వణుకుతుంది. నడినెత్తికి దగ్గరగా ఉన్న చుక్కనే తీసుకోండి.

ఇక లోపాలు. ఫోకసర్ ప్లాస్టిక్ మర రకం, తిప్పుతుంటే ఐపీసు కాస్త ఊగుతుంది, గ్రహం పక్కకు గెంతుతుంది. కుళాయి మరకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు రెండు చుట్లు వేస్తే ఊగడం చాలావరకు పోతుంది. మూడు నాలుగు చుట్లు వేస్తే మర బిగుసుకుని తిరగదు. రెండో లోపం, గొట్టం సగం తెరిచే ఉంటుంది. ముందు భాగం రెండు కడ్డీల మీద పైకి సాగుతుంది. కింద వీధిలో ఎల్ఈడీ లైటుంటే ఆ వెలుగు పక్కనుంచి దూరి, నల్లగా ఉండాల్సిన ఆకాశం బూడిద రంగులోకి మారుతుంది. స్టేషనరీ షాపులో దొరికే నల్ల ఫోమ్ షీటు తెచ్చి, దారంతో గొట్టం చుట్టుకొలత కొలిచి, రెండంగుళాలు ఎక్కువ పెట్టి కత్తిరించి చుట్టేయండి. మామూలు నల్ల చార్టు కూడా పనికొస్తుంది కానీ మంచుకు మెత్తబడుతుంది.

మూడోది, దీనికి కాళ్లు లేవు. కింద గట్టి పీట కావాలి. ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే ముట్టుకున్నప్పుడల్లా గురుడు తొట్టెలో నీళ్లలా ఊగుతాడు. పిట్టగోడ మీద ఎప్పుడూ పెట్టొద్దు, చెయ్యి తగిలితే వీధిలో పడుతుంది. మోకాలికి కాస్త పైకి వచ్చే మూడుకాళ్ల చెక్క స్టూలు అన్నిటికన్నా మేలు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లూ ఆనుకుంటాయి. పల్లెలో ఇంటి ముందు అరుగుంటే అంతకుమించింది లేదు. పక్కన స్టూలేసుకుని కూర్చుని చూడండి. నిలబడి వంగి చూస్తే కన్ను నిలవదు, కన్ను నిలవకపోతే వివరం అందదు.

ఇన్ని చేసినా చిత్రం బాగుపడకపోతే తప్పు మిద్దెది. తిరుపతిలో సిమెంటు మిద్దె పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక వేడిని వదులుతూనే ఉంటుంది. ఎండాకాలంలో పదకొండు దాటేదాకా ఇది ఆగదు. ఆ వేడిగాలి పైకి లేస్తూ టెలిస్కోపు ముందు నుంచే పోతుంది కాబట్టి గురుడి అంచు కాగే పాల మీద మీగడలా కదులుతుంది. పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పైనుంచి చూస్తే ఇంకా అన్యాయం. మిద్దె మీద సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు చల్లడం మనకు అలవాటే, అది ఇక్కడా పనికొస్తుంది. అయితే నీళ్లు పూర్తిగా ఆరాకే టెలిస్కోపు తేవాలి, లేకపోతే ఆ తేమ అద్దం పడుతుంది. మట్టి నేల, గడ్డి ఉన్న పెరడు మిద్దె కన్నా ఎప్పుడూ మేలే. గ్రహాలకు చీకటి ఆకాశం అక్కర్లేదు, నిలకడైన గాలి కావాలి. తిరుపతి–చిత్తూరు దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనశాల రాడార్ పెట్టి చదివే గాలిపొరల కదలికలే మన ఐపీసులో గ్రహాన్ని వణికించేవి. ఊరి వెలుతురును చూసి గ్రహాల కోసం హార్స్‌లీ హిల్స్ దాకా పోనక్కర్లేదు. ఇంటి వెనక పెరట్లో అర్ధరాత్రి దాటాక దొరికే గురుడు, ముందుపూట మిద్దె మీద దొరికే గురుడికి రెట్టింపు వివరంతో ఉంటాడు.

అద్దం కూడా బయటి గాలి వేడికి సర్దుకోవాలి. చూడ్డానికి ముప్పావుగంట ముందే బయట పెట్టండి. ఏసీ గదిలో మాత్రం దాచొద్దు. చల్లటి అద్దాన్ని ఉక్కబోతలోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులా చెమటలు పడుతుంది, తుడవకూడదు కాబట్టి గంట పోతుంది.

ఈ ఊళ్లో ఉన్నందుకు దొరికే లాభం ఒకటుంది. గ్రహాలన్నీ సూర్యుడు నడిచే దారికి అటూ ఇటూనే తిరుగుతాయి. మన అక్షాంశంలో ఆ దారి ఆకాశంలో ఎత్తుగా పోతుంది. గ్రహం దక్షిణానికి ఎంత వంగినా, ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకు చేరినప్పుడు మనకు 50 డిగ్రీల చుట్టుపక్కల కన్నా కిందికి దిగదు. లండన్‌లో అదే గ్రహం చెట్ల కొమ్మల మధ్య 15 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఎత్తులో ఉంటే మధ్యలో గాలి మందం తక్కువ, చిత్రం తేట. ఇక్కడి 130 మి.మీ. అక్కడి ఇంకాస్త పెద్ద అద్దంతో పోటీపడటానికి ఇదే కారణం.

గురుడితో మొదలుపెట్టండి. 26 రెట్లలోనే నాలుగు పెద్ద చందమామలు గీత గీసినట్టు ఒక వరుసలో కనపడతాయి: అయో, యూరోపా, గనిమీడ్, కలిస్టో. 1610 జనవరిలో గెలీలియో చూసింది వీటినే. అయో చుట్టు తిరగడానికి 1.77 రోజులే పడుతుంది కాబట్టి సాయంత్రం చూసి, మళ్లీ రాత్రి పదకొండుకు చూస్తే దాని చోటు మారిపోయి ఉంటుంది. 65 రెట్లలో గురుడు పళ్లెంలా తేలి, నడుమ రెండు గోధుమరంగు పట్టీలు వస్తాయి. అసలు పండగ 108, 130 రెట్లలో (వీటికి విడిగా కొనాల్సిన ఐపీసు, లెన్సు సంగతి చివర్లో చెబుతాను). ఒక చందమామ గురుడి ముందు నుంచి పోయేటప్పుడు దాని నీడ పళ్లెం మీద పడుతుంది. సూదిమొనతో సిరా చుక్క పెట్టినట్టు, పట్టీల కన్నా నల్లగా, అంచులు తీరుగా. అయో నీడ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చేరడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. పావుగంట చూస్తే కదలడం స్పష్టంగా తెలుస్తుంది. ఏ రాత్రి ఏ నీడ పడుతుందో ఆకాశాన్ని చూపే స్టెల్లేరియం యాప్‌లో మీ ఊరు పెట్టుకుంటే ముందే తెలుస్తుంది. గురుడి మీది పెద్ద తుపాను, ఎర్రమచ్చ, మాత్రం అందరికీ తొందరగా చిక్కదు. గురుడు 9 గంటల 56 నిమిషాలకు ఒకసారి తిరుగుతాడు కాబట్టి అది మన వైపుండే రెండు గంటల్లోనే వెతకాలి. అప్పుడూ ఎర్రగా కాక, పట్టీలో ఒక లొట్టలా తగులుతుంది.

130 రెట్లలో గురుడు ఎంత కనపడతాడు? మామూలు కంటికి పున్నమి చందమామ ఎంతుంటుందో దాదాపు దానికి మూడింతలు. లెక్క అదే చెబుతుంది, అయినా మొదటిసారి చూసినవాళ్లు 'ఇంతేనా' అంటారు. ఫోటోలతో పోల్చడం వల్ల వచ్చే నిరాశ అది. ఐపీసు దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే, గాలి నిలకడపడిన ఒకటి రెండు సెకన్లలో పట్టీల అంచున ముళ్లలాంటి వంకరలు కనపడి మళ్లీ మాయమవుతాయి. చూపు ఆ సెకన్ల కోసమే.

శని దగ్గర ఇప్పుడు ఒక మాట ముందే తెలుసుకుని చూడాలి. 2025 మార్చి 23న భూమి శని వలయాల తలాన్ని దాటింది, అంటే వలయాలు మనకు అంచు వైపు నుంచే ఉన్నాయి. అప్పటి నుంచి వలయాలు మొత్తమ్మీద మెల్లగా తెరుచుకుంటున్నాయి. 2026 అక్టోబరు 4న శని సూర్యుడికి ఎదురుగా (ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా అవతలి వైపు) వచ్చేనాటికి కూడా అవి సన్నగానే, గోళానికి అడ్డంగా గుచ్చిన పుల్లలా ఉంటాయి. టెలిస్కోపు లోపం అనుకోకండి. బాగా వెడల్పయ్యేది 2032 చుట్టుపక్కల. వలయాల నడుమ నల్లగీత, కాసిని చీలిక, అప్పటికి ఈ అద్దంలో మంచి రాత్రి దొరుకుతుంది. టైటాన్ మాత్రం ఇప్పుడూ కనపడుతుంది, 16 రోజులకు ఒక చుట్టు తిరుగుతూ శనికి కాస్త ఎడంగా మసక చుక్కలా.

కుజుడి కోసం 2027 ఫిబ్రవరి చూడండి. ఆ నెల 10న గురుడు, 19న కుజుడు సూర్యుడికి ఎదురుగా వస్తారు, ఇద్దరూ సింహరాశి వైపే. మనకు మబ్బులు లేని కాలం, పైగా అర్ధరాత్రి దాదాపు నడినెత్తిన ఉంటారు. ఇక్కడే డాబ్సోనియన్‌కు ఒక చిక్కు. గొట్టం నిట్టనిలువుగా ఉన్నప్పుడు పక్కకు తోస్తే గ్రహం కదలాల్సిన వైపు కదలదు, పీట మాత్రం గిర్రున తిరుగుతుంది. కాబట్టి నడినెత్తికి చేరకముందే, రాత్రి పది, పదిన్నరకు చూసేయండి. కుజుడు ఆసారి 14 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) లోపే. 108 రెట్లలో మామూలు కంటికి కనపడే చందమామ కన్నా కాస్త చిన్నగా, నారింజ రంగులో ఉంటాడు. ధ్రువపు తెల్లటోపీ, నల్లమచ్చల జాడ దొరికితే మంచి రాత్రి కింద లెక్క.

శుక్రుడికి చందమామలా కళలు తప్ప ఇంకేమీ ఉండదు, అదీ వెలుతురుండగానే చూడాలి. చీకటి పడ్డాక కళ్లు మిరుమిట్లు గొలుపుతాడు. బుధుడు తూర్పునో పడమటనో కిందనే, చిన్నగా. యురేనస్ ఆకుపచ్చ కలిసిన నీలంలో చుక్క కన్నా కాస్త లావుగా ఉంటుంది. 1781 మార్చి 13న హెర్షెల్ దాన్ని పట్టుకుంది కూడా ఇలాంటి తేడాతోనే. చిత్తూరుకు నైరుతిగా జవాది కొండల్లో ఉన్న కావలూరు వేధశాలలోని 1 మీటరు టెలిస్కోపు 1977 మార్చి 10న యురేనస్ ఒక చుక్క ముందు నుంచి పోతున్నప్పుడు గమనించింది. ఆ గ్రహానికి వలయాలున్నాయని బయటపడ్డ రాత్రి అది. మన 130 మి.మీ.లో ఆ వలయాలు కనపడవు కానీ, ఆ పచ్చటి చుక్కను గుర్తుపట్టడమే ఆనందం. నెప్ట్యూన్ చుక్కే. ప్లూటో రాదు. వెస్టా అనే గ్రహశకలం రెండు మూడు రాత్రులు పటం వేసుకుని పోల్చితే కదిలే చుక్కగా దొరుకుతుంది. శ్రీకాళహస్తి దగ్గర కాబట్టి రాహుకేతువులు కనపడతాయా అని ఈ వైపు చాలామంది అడుగుతారు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులవి, అక్కడ చూడ్డానికి వస్తువేమీ లేదు. అమావాస్య, పున్నమి వాటి దగ్గర పడితేనే గ్రహణాలొస్తాయి.

చందమామను పున్నమినాడు చూడొద్దు, నీడల్లేక చప్పగా ఉంటుంది. అష్టమి, నవమి నాడు వెలుగూ చీకటీ కలిసే అంచు వెంబడి పోతే గుంతల గోడల నీడలు గంటలో మారడం కూడా తెలుస్తుంది. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న ఎగిరిన చంద్రయాన్-3 దిగిన చోటు దక్షిణ అంచు దగ్గర, మాంజినస్ అనే గుంత వైపు. ఆ గుంత దొరుకుతుంది. ల్యాండర్ దొరకదు. 130 మి.మీ. అద్దం చందమామ మీద సుమారు 1.7 కి.మీ. కన్నా చిన్నదాన్ని విడదీయలేదు.

డబ్బు మిగిలితే ఫిల్టర్ల పెట్టె కొనకండి. పెట్టెతో వచ్చే 10 మి.మీ. ఐపీసు దీనిలో అన్నిటికన్నా నాసి. దాని బదులు 66 డిగ్రీల వెడల్పు చూపే 6 మి.మీ. ఐపీసు ఒకటి తీసుకుంటే 108 రెట్లు వస్తుంది, గ్రహాలకు ఎక్కువ రాత్రులు అదే సరిపోతుంది. ఆ తర్వాతే 2 రెట్ల బార్లో లెన్సు, ఐపీసు ఇచ్చే రెట్లను రెండింతలు చేసేది. భూమి తిరుగుడుకు 65 రెట్లలో గ్రహం మూడు నిమిషాల్లో చూపు దాటిపోతుంది, 130లో ఒకటిన్నర నిమిషానికే. వెడల్పు చూపే ఐపీసు ఉంటే తోసే పని తగ్గుతుంది, పిల్లలు వరుసలో నిలబడి చూస్తున్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది.

సూర్యుడి విషయంలో ఒక్కటే దారి: గొట్టం ముందు భాగం మొత్తం మూసే సోలార్ ఫిల్టరు. తెరిచి ఉన్న పక్కభాగాన్ని కూడా మూసి, ఫైండరు ఊడదీయాలి. ఐపీసుకు తిప్పి బిగించే నల్ల ఫిల్టరు ఎక్కడైనా దొరికితే పారేయండి. కూడిన ఎండ వేడికి అది పగులుతుంది, మరుక్షణం కన్ను పోతుంది. పగలు మిద్దె మీద మూత లేకుండా వదిలి కిందికి దిగడం కూడా అంతే ప్రమాదం.

ఇక్కడ దీనికి మంచి కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులే ఎక్కువ. ఆ మూడు నెలలూ అద్దానికి బూజు పట్టే కాలం. మూతలు పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, గాలాడే అల్మారాలో ఉంచండి. తడి ఉండగా ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి. అద్దం మీద కాస్త దుమ్ము కనపడితే ఏమీ చేయొద్దు, చిత్రానికి నష్టం ఉండదు. ఏడాది రెండేళ్లకు మరీ మాసితే అద్దం బయటికి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, దూది బరువు తప్ప చేతి బరువు పడకుండా నెమ్మదిగా లాగి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఏటవాలుగా నిలబెట్టి ఆరనివ్వండి. కుళాయి నీళ్లు వాడితే ఉప్పు మరకలు మిగిలిపోతాయి. ఎర్రచుక్క ఫైండరు ఆపడం మరిచిపోతే 2032 నంబరు బిళ్ల బ్యాటరీ ఊరికే అయిపోతుంది. ఒకటి ఎప్పుడూ పెట్టెలోనే ఉంచుకోండి.